బోరా బోరా ఓవర్‌వాటర్ విల్లా రివ్యూ: అంత డబ్బు పెట్టొచ్చా, పెడితే ఎన్ని రాత్రులు

చదివే ఓపిక లేనోళ్ళ కోసం మార్కులు ముందే వేసేస్తున్నా. పసిఫిక్ సముద్రంలో తాహితి వైపు ద్వీపం బోరా బోరా, దానికీ ఆ లగూన్ నీళ్ళకీ (చుట్టూ పగడపు దిబ్బల లోపల ఉండే సముద్రపు నీళ్ళు) ఐదుకి ఐదు. మేం దిగిన రిసార్ట్‌లో నీళ్ళ మీద విల్లాకి మూడున్నర. మొత్తం ప్లాన్ చేసిపెట్టిన ట్రావెల్ ఏజెంట్‌కి నాలుగు. తిండికి ఒకటిన్నర, ఆ అర కూడా అనాసపండు పుణ్యమే. రిసార్ట్ పేరూ ఏజెంట్ పేరూ రాయట్లేదు, అక్కడ ఎక్కడ దిగినా చూస్కోవాల్సిన లెక్కలే రాస్తున్నా కాబట్టి పేరుతో పెద్ద పని లేదు. ఇంకా ఓపిక లేకపోతే ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుని వెళ్ళిపోండి: నీళ్ళ మీద విల్లా రెండు రాత్రులు తీస్కోండి చాలు, మిగతా రాత్రులన్నీ తాహితి పక్కనే ఉన్న మోరేయా ద్వీపంలో పెట్టుకోండి.

మేం కాలిఫోర్నియాలో ఉంటాం, మాది కోనసీమ, మా ఆయనది ఖమ్మం. పెళ్ళిరోజుకి ఎక్కడికెళ్దాం అంటే మాల్దీవ్స్ అన్నారందరూ, హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు వాళ్ళైతే వెళ్ళొచ్చి ఫోటోలు కూడా పెట్టారు. ఇండియాలో ఉన్నవాళ్ళకి నేను కూడా మాల్దీవ్సే చెప్తా, దగ్గర, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ముందే వీసా తీస్కునే పని లేదు. అదే అమెరికా వెస్ట్ కోస్ట్ నుంచి మాల్దీవ్స్ అంటే భూమికి అవతలి పక్క, దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మళ్ళీ ఎక్కి, వెళ్ళేసరికే సగం లీవు అయిపోతుంది. బోరా బోరా వెళ్ళాలంటే ముందు దిగేది తాహితి ద్వీపంలో, దానికి లాస్ ఏంజెలెస్ నుంచి, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి డైరెక్ట్ ఫ్లైట్లున్నాయి, సుమారు ఎనిమిది గంటలు, ఇంకో మంచి సంగతేంటంటే అది హవాయి టైమ్‌జోన్, కాలిఫోర్నియా కంటే ఎండాకాలంలో మూడు గంటలు చలికాలంలో రెండు గంటలు వెనక, జెట్‌ల్యాగ్ అన్న మాటే లేదు. పొద్దున్నే ఐదింటికి మీ అంతట మీరే లేచిపోతారు, సూర్యోదయం కూడా చూసేస్తారు. డాలస్ వాళ్ళూ న్యూజెర్సీ వాళ్ళూ ముందు వెస్ట్ కోస్ట్‌కి రావాలి, అది కలుపుకుని చూస్కోండి. హైదరాబాద్ నుంచి వెళ్ళాలనుకుంటే టోక్యో మీదుగానో ఆక్లాండ్ మీదుగానో, లాస్ ఏంజెలెస్ మీదుగా ఐతే అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి.

వీసా గురించి కొంచెం నెమ్మదిగా చదవండి, మనోళ్ళు చాలామంది ఇక్కడే తికమక పడతారు. తాహితి, బోరా బోరా, మోరేయా అన్నీ ఉన్న ఫ్రెంచ్ పాలినేషియా ఫ్రాన్స్‌ది, కానీ షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) లేదు. పారిస్ ట్రిప్‌కి వేయించుకున్న షెంగెన్ వీసా ఇక్కడ మామూలుగా చెల్లదు, చాలామందికి వీసా మీద ఫ్రెంచ్ పాలినేషియా అని వేరేగా ఉండాలి, ఇండియన్ పాస్‌పోర్ట్ ఐతే అప్లికేషన్‌లోనే వెళ్ళే చోటు అదని పెట్టి అప్లై చేయాలి, అపాయింట్‌మెంట్ దొరకడానికే టైమ్ పడుతుంది కాబట్టి హోటల్ కంటే ముందు ఈ పని చూడండి. అమెరికా పాస్‌పోర్ట్ వాళ్ళకి 90 రోజుల దాకా ఏ గొడవా లేదు. ఇక హెచ్1బీ వాళ్ళు, మీ పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయ్యుంటే కెనడా, మెక్సికో వెళ్ళొచ్చినట్టు ఇక్కడికి వెళ్ళి రాలేరు, ఆ వెసులుబాటు తాహితికి లేదు, ఐ797 (హెచ్1బీ మంజూరు) కాయితం ఒక్కటే చూపిస్తే అమెరికాకి తిరుగు విమానం ఎక్కనివ్వరు. కొత్త స్టాంపింగ్ చేతికొచ్చాకే టికెట్లు కొనండి.

ఏజెంట్ ఎందుకు అంటారా, మా ఆయన కూడా అదే అన్నాడు, అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా అని. ఉన్నాయి, కానీ ఇది ఒక ఫ్లైట్, ఒక హోటల్ బుక్ చేస్తే అయిపోయే ట్రిప్ కాదు. పెద్ద విమానం, తాహితిలో ముఖ్యపట్టణం పపేటేలో ఒక రాత్రి, తర్వాత ఫెర్రీ, తర్వాత చిన్న విమానం, దాని తర్వాత రిసార్ట్ బోటు, వీటిల్లో ఏది లేటైనా వెనకాలవన్నీ వరసగా పోతాయి. అమెరికా నుంచి వచ్చే విమానాలు కొన్ని సాయంత్రం పొద్దుపోయాక దిగుతాయి, అప్పటికి బోరా బోరా ఆఖరి విమానం వెళ్ళిపోతుంది, అంటే పపేటేలో ఒక రాత్రి ఉండాల్సిందే. ఈ రాత్రి ఖర్చు ఏ రిసార్ట్ వెబ్‌సైట్‌లోనూ కనపడదు. మా ఏజెంట్ వీటన్నిటినీ ఒకదానికొకటి అతికించి ఒక్క పీడీఎఫ్‌లో పంపింది, మధ్యలో చిన్న విమానం టైమ్ మారితే మాకు తెలిసేలోపే ఆవిడే ఫెర్రీ కూడా మార్చేసింది, నాలుగు మార్కులూ దానికే. ఒక మార్కు ఎందుకు కోసేశానంటే మొదటి కొటేషన్‌లో వారమంతా ఓవర్‌వాటర్ విల్లాలోనే పెట్టి, మోరేయా అంటే అక్కడేముంది మేడమ్ అన్నట్టు మాట్లాడింది. ఎక్కువ రేటున్న రూమ్ అమ్మితే ఎవరికి లాభమో మనకి తెలీదా ఏంటి. గట్టిగా అడిగితే మార్చింది, ముఖం మాత్రం మాడ్చుకుంది (జూమ్‌లో కూడా తెలిసిపోతుంది).

పపేటే నుంచి బోరా బోరాకి ఎయిర్ తాహితి విమానం, ఎయిర్ తాహితి నూయీ వేరు, అది పెద్దది, ఇది ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం, ముప్పావు గంట పైచిలుకు. రానూపోనూ మనిషికి నాలుగు వందల డాలర్లకి అటూ ఇటూగా అయ్యింది మాకు. మేం వెళ్ళినప్పుడు సీటు నంబర్లు లేవు, ముందెక్కినోళ్ళకి ముందు, మన ఆర్టీసీ పద్ధతే, కర్చీఫ్ వేయడమొక్కటే తక్కువ. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. దిగే ముందు ఆ లగూన్ కనపడినప్పుడు విమానంలో అందరూ ఒక్కసారి లేచి ఆ పక్కకే వంగిపోయారు, ఎయిర్‌హోస్టెస్ అరుస్తోంది కూర్చోండని, ఎవరూ వినరు.

ఎయిర్‌పోర్ట్ అసలు ఊళ్ళో లేదు, మోటు మూటే అని పగడపు దిబ్బ మీద ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వాళ్ళు 1942లో వచ్చి సప్లై బేస్ పెట్టారు, ఈ రన్‌వే వాళ్ళేసిందే. యుద్ధం మాత్రం ఇక్కడిదాకా రాలేదు. తర్వాత తాహితిలో ఎయిర్‌పోర్ట్ కట్టేవరకూ బయటి దేశాల నుంచి విమానంలో వచ్చేవాళ్ళు ఇక్కడే దిగేవాళ్ళంట. ఇప్పుడు మీరు దిగాక రోడ్డు లేదు, ట్యాక్సీ లేదు, బోటే. రిసార్ట్ బోటు ఎక్కితే మెళ్ళో పూలదండ వేసి చల్లటి టవల్ ఇచ్చి మర్యాద చేస్తారు, ఆ మర్యాద బిల్లు రానూపోనూ మనిషికి వంద డాలర్లు దాటి ఉంటుంది, చెకవుట్‌లో కనపడుతుంది. వైటాపే అనే అసలు ఊరికి వెళ్ళేవాళ్ళకి ఎయిర్‌లైన్ వాళ్ళ బోటు ఫ్రీ, ప్రధాన ద్వీపం మీద చిన్న లాడ్జిల్లో దిగేవాళ్ళంతా అదే ఎక్కుతారు, మటీరా బీచ్ పక్కన దిగితే మీరూ అదే ఎక్కొచ్చు.

ఇక విల్లా. బాగుందా అంటే బాగుంది, అబద్ధం చెప్పను. మంచం మీంచి కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒటెమాను కొండ, 727 మీటర్లే కానీ నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచి ఉంటుంది కాబట్టి చూపులకి ఇంకా ఎత్తుగా ఉంటుంది, దాని నెత్తి మీద ఎప్పుడూ ఒక మబ్బు. గదిలో నేలకి ఒకచోట అద్దం, కింద నీళ్ళు, రాత్రి లైటేస్తే చేపలు వస్తాయి. వెనక మెట్లు దిగితే నడుం లోతు నీళ్ళు, వెచ్చగా, అడుగున ఇసుక లెక్కపెట్టొచ్చు. మొదటి రోజు మేం గది దాటి బయటికి రాలేదు. రెండో రోజు కూడా పర్లేదు. మూడో రోజు మధ్యాహ్నానికి మా ఆయన లాప్‌టాప్ తీశాడు.

ఎందుకంటే గది కింద నీళ్ళలో ఇసుకే, పగడాలు పెద్దగా లేవు, అద్దంలో మొదటి రోజు చూసిన నాలుగు చేపలే మూడో రోజూ. నిజంగా చేపలు చూడాలంటే బోటు టూర్ తీస్కుని కోరల్ గార్డెన్ దగ్గరికి వెళ్ళాలి, దానికి వేరే డబ్బులు. ఆ టూర్‌కి మాత్రం ఐదుకి ఐదు, స్టింగ్‌రే చేపలు కాళ్ళకి రాసుకుంటూ పోతాయి, రెక్కల కొసలు నల్లగా ఉండే చిన్న సొరచేపలు పక్కనుంచి వెళ్తుంటే మా ఆయన నా వెనకాల దాక్కున్నాడు. ఇక రాత్రిళ్ళు. జూన్ నుంచి ఆగస్ట్ దాకా ఆగ్నేయం నుంచి మరాము అని ఒక గాలి వస్తుంది, మేం వెళ్ళింది ఆ రోజుల్లోనే, ఒక రాత్రంతా నేల కింద నీళ్ళు టప టప టప టప కొడుతూనే ఉన్నాయి, కొంతమందికి అది జోలపాట అంట, నాకైతే పక్కింట్లో ఎవరో బట్టలుతుకుతున్నట్టే ఉంది. బుక్ చేసేటప్పుడు విల్లా ఏ దిక్కుకి ఉంది, గాలి తగులుతుందా అని అడగండి, ఏ బ్రోషర్‌లోనూ ఈ ముక్క రాయరు. అలాగే పాంటూన్ (విల్లాలకి వెళ్ళే చెక్కబాట) చివరి విల్లా అని ఎక్కువ డబ్బులు కట్టించుకుంటారు, ప్రైవసీ నిజమే కానీ బ్రేక్‌ఫాస్ట్‌కి వెళ్ళాలంటే ఎండలో చెక్కబాట మీద ఎంతసేపు నడవాలో చూస్కోండి, బగ్గీకి ఫోన్ చేస్తే వస్తుంది, దాని టైమ్‌కి వస్తుంది. నడిచే పిల్లలుంటే అసలు వద్దు, డెక్‌కి చాలావైపుల రెయిలింగే లేదు, నిద్ర పట్టదు మీకు.

ఈ నీళ్ళ మీద గదుల ఐడియా ఎలా పుట్టిందో తెలిస్తే నవ్వొస్తుంది. 1967లో రాయాటేయా అని పక్క ద్వీపంలో ముగ్గురు కాలిఫోర్నియా కుర్రాళ్ళ హోటల్ ఉండేది, అక్కడ చెప్పుకోడానికి బీచ్ లేదు, బీచ్ లేకపోతే గెస్టులు ఎందుకొస్తారు, సరే అని ఊళ్ళో జాలర్ల పాకల్లాంటివి నీళ్ళలోనే గుంజలు పాతి కట్టేశారు. బీచ్ లేని లోటు కప్పిపుచ్చడానికి చేసింది కాస్తా ఇప్పుడు మాల్దీవ్స్ దాకా పాకి బీచ్ రూమ్ కంటే ఎక్కువ రేటు పలుకుతోంది! బోరా బోరాలో మంచి రిసార్ట్‌లో రాత్రికి వెయ్యి డాలర్ల పైన మొదలు, కొండ కనపడే గది ఐతే ఇంకా పైకి, సీజన్‌లో రెండు వేలు కూడా చూశాం. ఒక్క విషయం నాకు నిజంగా నచ్చింది, ఇంటర్‌కాంటినెంటల్ థలాసో అనే రిసార్ట్‌లో ఏసీకి సముద్రంలో సుమారు 900 మీటర్ల లోతు నుంచి చల్లనీళ్ళు పైపులో తెచ్చి వాడతారు, ఆ చలితోనే గదులు చల్లబడతాయి, కరెంటు చాలా మిగులుతుంది. మేం దిగింది అక్కడ కాదు, కానీ మా ఆయన మెకానికల్ ఇంజనీర్, రెండు గంటలు దాని గురించే మాట్లాడాడు.

కార్డుల మీద, హోటళ్ళలో పాయింట్లు దాచుకునే బ్యాచ్ కోసం ఒక పేరా. హిల్టన్ హోటళ్ళ మెంబర్ స్టేటస్ ఉంటే పాయింట్లతో ఐదో రాత్రి ఫ్రీ, మారియట్‌లో ఐదు రాత్రులకి నాలుగింటి పాయింట్లే, ఇవన్నీ నిజమే, మనోళ్ళు కార్డుల మీద కార్డులు తీసి దాచుకునేది ఇందుకే కదా. కానీ పాయింట్లతో వచ్చే స్టాండర్డ్ రూమ్ చాలాచోట్ల తోటలోదో గట్టు మీదదో అవుతుంది, నీళ్ళ మీదది కావాలంటే ఇంకా పాయింట్లో, డబ్బులో కట్టాలి. గది ఫ్రీ అని చంకలు గుద్దుకుని వెళ్తే బోటు, బ్రేక్‌ఫాస్ట్, రెండు పూటల తిండి కలిపి రోజుకి ఇద్దరికీ మూడు నాలుగు వందల డాలర్లు ఎటు పోయాయో తెలీదు. స్టేటస్‌తో బ్రేక్‌ఫాస్ట్ వచ్చే హోటల్ దొరికితే అది పట్టుకోండి, అక్కడ బఫే ఒక్కోళ్ళకి యాభై డాలర్ల పైమాటే. ఒక ఊరట, ఆ దేశంలో టిప్పు ఆనవాయితీ లేదు, బిల్లు మీద ఇరవై శాతం లెక్కలు వేసుకుని అలిసిపోయిన ప్రాణానికి హాయిగా ఉంటుంది.

తిండి. మాంసం చేపలు తినేవాళ్ళకి బాధ లేదు, వాళ్ళ అసలు వంటకం పచ్చి ట్యూనా ముక్కలు నిమ్మరసంలో వేసి కొబ్బరిపాలు పోసింది, నేను చేప పచ్చిదెలా తింటాం అనుకుంటూనే గిన్నె ఖాళీ చేశా, పచ్చిమిర్చి రెండు చీల్చి వేస్తే మన గోదావరి జిల్లాల్లో కూడా నడిచిపోతుంది. శాకాహారులు మాత్రం ముందే రిసార్ట్‌కి మెయిల్ పెట్టండి, గుడ్డు తింటారా, చేప తింటారా అన్నీ విడివిడిగా రాయండి, వెజిటేరియన్ అంటే చేప పర్లేదనుకునే రకం అక్కడ కూడా ఉన్నారు. రిసార్ట్ మెనూలో వెజ్ అంటే ఒక పాస్తా, ఒక సలాడ్, రోజూ అదే. విచిత్రమేంటంటే ఊళ్ళో పెరళ్ళలో చూస్తే సీమపనస చెట్లు, చామదుంపలు, అరటి, బొప్పాయి, పంపరపనస, మా అమలాపురం వైపు తోటలోకి వచ్చినట్టే ఉంది, సీమపనస వేపుడు ఎవరైనా చేసిపెడితే బాగుండని రెండు రోజులు ఏడ్చా, రిసార్ట్‌లో దాన్ని చిప్స్‌లా వేయించి కాక్‌టెయిల్ పక్కన పది ముక్కలు పెట్టి డబ్బులు తీస్కున్నారు. వైటాపేలో చిన్ లీ అని సూపర్‌మార్కెట్ ఉంది, బగెట్ రొట్టె, చీజ్, పళ్ళు, పెరుగు తెచ్చుకుని గదిలో పెట్టుకుంటే మధ్యాహ్నం పూట గడిచిపోతుంది. కానీ రిసార్ట్ మోటు (పగడపు దిబ్బ) మీద ఉంటే ఊళ్ళోకి రావడానికి మళ్ళీ బోటు, దానికి మళ్ళీ డబ్బులు, ఆదివారం ఐతే కొట్లు చాలావరకు మూసేస్తారు. అందుకని వచ్చేటప్పుడే పపేటేలో కొనేసుకోండి. లెక్కకి అక్కడి డబ్బు వంద ఫ్రాంకులు సుమారు ఒక డాలర్ అనుకుంటే తేలిక.

రైస్ కుక్కర్ పట్టుకెళ్దామనుకునేవాళ్ళకి (ఉంటారు, నాకు తెలుసు, నేనే అనుకున్నా): అక్కడ కరెంటు 220, ఫ్రెంచ్ ప్లగ్గు, అమెరికాలో కొన్న 110 కుక్కర్ పెడితే మాడిపోతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత రెండు పిన్నుల ఫోన్ చార్జర్ మాత్రం అడాప్టర్ లేకుండా పట్టేసింది. తినేవి ఏవి పట్టుకెళ్ళినా కస్టమ్స్‌లో డిక్లేర్ చేయండి, పళ్ళు, మొక్కలు, తేనె, మాంసం విషయంలో గట్టిగా ఉంటారు.

మోరేయా గురించి మాట్లాడకపోతే ఈ రివ్యూ వేస్ట్. పపేటే రేవు నుంచి ఫెర్రీలో అరగంట, ముప్పావు గంట, మనిషికి ఇరవై డాలర్ల లోపే. కారు అద్దెకి తీస్కుని ద్వీపం చుట్టూ 60 కిలోమీటర్లు తిరగొచ్చు, బెల్వెడేర్ అని పైన ఒక చోటుంది, అక్కడ నిలబడితే మధ్యలో రోటుయీ కొండ, దానికి అటో అఖాతం ఇటో అఖాతం, ఒకటి ఒపునోహు, ఇంకోటి కుక్స్ బే. టికెట్ లేదు, ఎవరూ మీ గది నంబర్ అడగరు. తహియమాను, తెమాయే రెండూ పబ్లిక్ బీచ్‌లే, నీళ్ళు బోరా బోరాకి ఏం తీసిపోవు, పైగా లోపలికి నాలుగడుగులు వేస్తే పగడాలూ చేపలూ నిజంగానే ఉన్నాయి. మేం కుటుంబం వాళ్ళు నడిపే చిన్న లాడ్జిలో దిగాం, పాంసియోన్ అంటారు, వంటగది ఉంది, ఎట్టకేలకి పప్పన్నం వండుకున్నాం, ఆ ఇంటావిడ చూసి వాసనకి వచ్చి ఒక గిన్నె పట్టుకెళ్ళి, మర్నాడు పొద్దున్నే గుమ్మంలో రెండు అనాసపళ్ళు పెట్టి వెళ్ళింది. మోరేయా అనాస తిన్నాక కాస్ట్‌కోలో అనాస ముట్టుకోబుద్ధి కాదు. రోడ్ల మీద కోళ్ళు, పెరట్లో కుక్కలు, స్కూలు పిల్లలు, పక్కింటివాళ్ళు పలకరిస్తే యోరానా అని మనం కూడా అనడం, ఇదంతా నీళ్ళ మీద విల్లాలో ఎంత కట్టినా దొరకదు, అక్కడ మీకు కనపడేది స్టాఫూ, మీలాంటి ఇంకో జంటా అంతే. మోరేయాలో కూడా నీళ్ళ మీద గదులున్న రిసార్ట్‌లు ఉన్నాయి, బోరా బోరా కంటే తక్కువకి దొరుకుతాయి, ఫోటో ఒక్కటే కావాలనుకునేవాళ్ళు అక్కడే కానిచ్చేసి చిన్న విమానం ఖర్చు మిగుల్చుకోవచ్చు. కానీ ఒటెమాను ఎదురుగా ఆ నీళ్ళ రంగు మాత్రం బోరా బోరాలోనే, అందుకే ఆ రెండు రాత్రులు.

నెలల సంగతి: మే నుంచి అక్టోబర్ దాకా వాన తక్కువ, నవంబర్ నుంచి ఏప్రిల్ ఉక్క, వానలు. గాలి పడనివాళ్ళు మే లేదా అక్టోబర్ చూడండి. ఆగస్ట్ నుంచి అక్టోబర్ వరకు హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి మోరేయా దగ్గరికి వస్తాయి, మేం బోటు మీంచి తల్లీపిల్లా చూశాం, అది మాత్రం ఎంత చెప్పినా తక్కువే. దోమల మందు పట్టుకెళ్ళండి, డెంగీ ఉంటుంది అక్కడ. నీళ్ళలో వేసుకునే బూట్లు కూడా, రాయి చేప అని ఒకటి ఇసుకలో రాయిలా పడి ఉంటుంది, తొక్కితే హాస్పిటలే.

ముత్యాలు కొంటారు కదా ఎలాగూ. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో బేరమాడి కొన్న చేతులతో ఇక్కడ రిసార్ట్ బొటీక్‌లో రేటు చూస్తే చేయి వణుకుతుంది. తాహితి ముత్యాలని నల్లముత్యాలంటారు గానీ మొత్తం నలుపు తక్కువే, నెమలికంఠం రంగు, బూడిద, ముదురాకుపచ్చ, రకరకాలు, తువామోటు, గాంబియే ద్వీపాల్లో పెంచుతారు ఎక్కువగా. రిసార్ట్‌లో కొనొద్దు. పపేటే పెద్ద మార్కెట్‌లోనూ దాని చుట్టుపక్కల కొట్లలోనూ విడి ముత్యాలు దొరుకుతాయి, చిన్న మచ్చ, గీత ఉన్నవి బాగా తక్కువకి ఇస్తారు, కమ్మల్లో కుట్టించాక ఆ మచ్చ వెనక్కి పోతుంది. నేను రెండు తెచ్చుకున్నా, అత్తగారికి ఒకటి (మచ్చ లేనిది, అనుమానం వద్దు).

తిరుగు ప్రయాణంలో ఒకటి అడిగి పెట్టుకోండి. రిసార్ట్ చెకవుట్ పదకొండుకో పన్నెండుకో, అమెరికా విమానం చాలాసార్లు రాత్రి పొద్దుపోయాక, మధ్యలో బోరా బోరా నుంచి వచ్చాక పపేటేలో గంటలకి గంటలు సామాన్లతో ఖాళీగా ఉంటారు. ఏజెంట్‌తో చెప్పి పపేటేలో డే రూమ్ పెట్టించుకోండి, స్నానం చేసి బట్టలు మార్చుకుని సాయంత్రం రేవు దగ్గర వైయేటే మైదానానికి వెళ్ళండి. రులోట్ అని బళ్ళు వరసగా పెడతారు, చైనా వాళ్ళు తరాలుగా ఉన్న ఊరు కాబట్టి చౌమీన్ పొగలు కక్కుతూ ఇస్తారు, రిసార్ట్‌లో సలాడ్‌కి పెట్టిన డబ్బులతో ఇక్కడ ఇద్దరికీ కడుపునిండా వస్తుంది. మాంసం లేకుండా అంటే కూరగాయలతో చేసిపెట్టారు, సోయాసాస్ మాత్రం తగ్గించమని ముందే చెప్పండి, దంచి పోస్తారు.